స్లాబ్ వేసి 22 గంటలైంది, ఒక మూల ఇంకా పచ్చిగానే ఉంది. ఏం చేయాలి?

కొత్తింటి కష్టాలు | శుక్రవారం, ఉదయం 9:05

అందరికీ నమస్కారం. ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈరోజు రాయక తప్పట్లేదు.

అనకాపల్లి పక్కన మా ఊళ్ళో ఇల్లు కడుతున్నాం. నిన్న స్లాబ్ పోశాం. 900 చదరపు అడుగులు, 5 అంగుళాల మందం, ఎం20 గ్రేడు కాంక్రీటు. ఆర్‌ఎంసీ (ప్లాంట్‌లో కలిపి లారీలో తెచ్చే రెడీమిక్స్) కాదు, మిల్లర్ (కలిపే యంత్రం) పెట్టి సైట్‌లోనే కలిపారు. పొద్దున ఏడున్నరకు మొదలై మూడింటికి అయిపోయింది. బీములతో కలిపి 100 బస్తాలు పట్టాయి.

ఇవాళ నీళ్ళు నిలపడానికి మడులు కట్టిద్దామని పైకెక్కాను. స్లాబంతా రాయిలా ఉంది. ఈశాన్యం మూల మాత్రం కాలు పెట్టగానే చెప్పు ముద్ర పడింది. గోరుతో గీస్తే మైనం మీద గీసినట్టు గీత దిగుతోంది. 10 అడుగులు, 15 అడుగులు ఉంటుందేమో ఆ ముక్క. అది పోసింది నిన్న పదకొండు ప్రాంతంలో.

సిమెంట్ బాగోలేదని మేస్త్రి అంటున్నాడు. నీళ్ళెక్కువ పోసుంటారని సిమెంట్ షాపాయన. పగలగొట్టించెయ్యమని మా మామయ్య. టెన్షన్‌తో టిఫిన్ కూడా ముట్టలేదు. దయచేసి ఎవరైనా చెప్పండి.

సైట్ సుబ్బడు | 9:20

ముందు మూడు పనులు. ఒకటి, ఆ మూల మీద ఎవర్నీ నడవనివ్వకండి. రెండు, కింద స్లాబ్‌ని మోస్తున్న ఒక్క సరుగుడు కర్ర కూడా కదపకండి. మూడు, సెట్ కాని చోట నీళ్ళు నిలపకండి, పైనున్న సిమెంట్ కొట్టుకుపోతుంది. పాలిథిన్ షీటు కప్పి అంచులకు ఇటుకలు పెట్టండి.

ఇప్పుడు ప్రశ్నలు. సిమెంట్ ఓపీసీనా (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంట్), పీపీసీనా (బూడిద కలిపిన పొజొలానా రకం)? ఆ మూలకు వాడిన బస్తాలు వేరే లాటా? ఏదైనా లిక్విడ్ కలిపారా, ఎంత? నీళ్ళు ఎక్కడివి? కంపెనీ పేరు మాత్రం రాయొద్దు, మోడరేటర్ గారు ఈ చర్చ దారం తెంపేస్తారు.

మోడరేటర్ | 9:24

తెంపుతాను.

కాంట్రాక్టర్ బాబాయ్ | 9:41

22 గంటలకి సెట్ కాలేదంటే ఇక కాదు బాబూ. ముప్పై ఏళ్ళ అనుభవంతో చెబుతున్నా. ఇప్పుడు మెత్తగా ఉన్నప్పుడే పారతో గీకి ఎత్తిపోయించు, రాడ్డు కడిగి మళ్ళీ పోయించు. రేపు సగం గట్టిపడ్డాక బ్రేకర్ పెట్టాలి, ఖర్చు మూడింతలు.

కొత్తింటి కష్టాలు | 9:58

సుబ్బడు గారూ, సిమెంట్ పీపీసీ. వంద బస్తాలూ ఒకే లారీలో, ఒకే వారం తేదీతో వచ్చాయి. వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కలిపాం, డబ్బా మీద బస్తాకు 200 మిల్లీలీటర్లని ఉంది. మేస్త్రి టీ గ్లాసుతో కొలిచి పోశాడు. బస్తాకు రెండు గ్లాసులు. నేను పక్కనే ఉన్నాను. నీళ్ళు మా బోరువే, తాగేవి కూడా అవే.

ల్యాబ్ కోటు | 10:15

విశాఖలో కాంక్రీటు టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఇలాంటి ఫోన్లు నెలకొకటి వస్తాయి. పదింటిలో ఏడుసార్లు దొరికే దొంగ ఆ లిక్విడే. కొన్ని వాటర్‌ప్రూఫ్ ద్రవాలు, పాతరకం ప్లాస్టిసైజర్లు (మాలుని జారేలా చేసే ద్రవాలు) లిగ్నోసల్ఫొనేట్‌తో చేస్తారు. అది కాగితం మిల్లుల్లో కర్రగుజ్జు తీయగా మిగిలిన ద్రవం నుంచి వస్తుంది. దాంట్లో చక్కెరలు కూడా కాస్త ఉంటాయి. మోతాదులో పోస్తే సెట్ అవ్వడం ఓ గంట ఆలస్యమవుతుంది, అంతే. రెండు మూడు రెట్లు పోస్తే మర్నాటిదాకా లేవదు.

కానీ మీరు చెప్పేది దానికి సరిపోవట్లేదు. టీ గ్లాసు కొలత తప్పయితే వంద బస్తాల్లోనూ తప్పాలి. ఒక్క మూలకే ఎందుకు తప్పుతుంది?

డౌట్ల పుట్ట | 10:32

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. సిమెంట్ ఆరిపోతేనే కదా గట్టిపడేది? చలికాలం, ఈశాన్యం మూల నీడగా ఉండి ఆరలేదేమో. ఫ్యాన్ పెడితే?

రిటైర్డ్ ఏఈ | 11:10

ఫ్యాన్ పెట్టకండి బాబూ, పుణ్యముంటుంది. ఉన్న తడి కూడా పోతుంది.

సిమెంట్ ఆరి గట్టిపడదు, నీళ్ళు తాగి గట్టిపడుతుంది. నీటిలో ముంచినా గట్టిపడుతుంది. నేను ఇరిగేషన్‌లో 34 ఏళ్ళు చేశాను, కాలవ కట్టడాల్లో సగం పని నీళ్ళ కిందే.

సెట్ అవ్వడం, గట్టిపడటం రెండూ ఒకటి కాదు. ముద్ద జారడం మానేసి తన ఆకారంలో నిలబడటం సెట్ అవ్వడం. దానికి గంటలు చాలు. బలం రావడం గట్టిపడటం. అది రోజులు, నెలలు సాగుతుంది. ల్యాబ్‌లో సెట్‌ని వైకాట్ సూదితో చూస్తారు. చదరపు మిల్లీమీటరు మొన ఉన్న సూది, 40 మిల్లీమీటర్ల లోతు ముద్దలోకి వదులుతారు. అది అడుగు తాకకుండా సుమారు 5 మిల్లీమీటర్ల పైనే ఆగిపోతే తొలి సెట్ అయినట్టు. ఇది 30 నిమిషాల్లోపు రాకూడదు, ఆఖరి సెట్ 600 నిమిషాలు దాటకూడదు. మీ పీపీసీకైనా, ఓపీసీకైనా అదే లెక్క. అయితే ఆ లెక్క ల్యాబ్ ముద్దకి. సైట్‌లో చలి, నీళ్ళు, లిక్విడ్ కలిసి ఇంకాస్త అటూ ఇటూ చేస్తాయి.

అసలు సిమెంట్‌ని వదిలేస్తే నిమిషాల్లో బిగుసుకుపోతుంది. దాన్లో ట్రైకాల్షియం అల్యూమినేట్ అని ఒకటుంది, నీళ్ళు తగిలితే ఆగదు. అందుకే క్లింకర్ (బట్టీలో కాల్చి తీసిన సిమెంట్ గడ్డలు) మర ఆడించేటప్పుడే నూటికి మూడు నుంచి అయిదు పాళ్ళు జిప్సం వేస్తారు. జిప్సం దాని చుట్టూ సన్న సూదుల్లాంటి ఎట్రింజైట్ పొర కట్టి పట్టి ఉంచుతుంది. అంటే మనం కెమికల్స్ కలపకముందే బస్తాలో ఒక రిటార్డర్ (సెట్‌ని ఆలస్యం చేసేది) ఉన్నట్టే. అది లేకపోతే తాపీ పైకెత్తేలోగా బొచ్చెలోనే రాయి.

తర్వాత రెండు మూడు గంటలు ఏమీ జరగనట్టు ఉంటుంది. మనం మోసి, పోసి, వైబ్రేటర్ పెట్టేది ఆ వ్యవధిలోనే. ఆపైన సిమెంట్‌లోనే ఉండే ట్రైకాల్షియం సిలికేట్ కదులుతుంది, వేడి పుడుతుంది, ముద్ద బిగుస్తుంది. మీ మూలలో ఆ నిద్ర ఇంకా తీరలేదు. చనిపోయిందా, నిద్రపోతోందా అన్నదే తేలాలి.

కాంట్రాక్టర్ బాబాయ్ | 11:18

సార్ పాఠం బాగుంది. స్లాబ్ మాత్రం పచ్చిగానే ఉంది.

తాపీ మనవడు | 11:40

మా తాత డంగు సున్నం మనిషి. గానుగలో సున్నం, ఇసుక వేసి ఎద్దుతో తొక్కించి, అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు పోసేవాళ్ళట. గచ్చు అద్దంలా వచ్చేదని చెప్పేవాడు. చార్మినార్ 1591లో సున్నంతోనే కట్టారు కదా, ఇప్పటికీ నిలబడే ఉంది. మా నాన్న సిమెంట్ పనిలోకి మారాక ఒకసారి తాత మాట విని పూత మాలులో బెల్లం వేశాడు. మూడు రోజులైనా గోడ మీంచి జారుతూనే ఉంది. ఇంటాయన పెట్టిన చీవాట్లు మా నాన్న ఇప్పటికీ మర్చిపోలేదు.

సున్నానికి పనికొచ్చేది సిమెంట్‌కి ఎందుకు పడదో మాత్రం నాకు తెలీదు. పెద్దలు చెప్పాలి.

సైట్ సుబ్బడు | 11:46

మనవడా, నువ్వు దొంగని పట్టేసినట్టున్నావు.

కొత్తింటి గారూ, మీది అనకాపల్లి. ఇది జనవరి. బెల్లం వండే రోజులు. పదకొండు గంటలప్పుడు వాడిన నీళ్ళు నిజంగా బోరువేనా? పైపులోంచి నేరుగా వచ్చాయా, డ్రమ్ములోంచా? మేస్త్రిని కాదు, నీళ్ళు పోసిన కుర్రాణ్ణి అడగండి.

కొత్తింటి కష్టాలు | మధ్యాహ్నం 12:35

సుబ్బడు గారూ, మీకు దండం.

నిన్న పదిన్నరకి కరెంటు పోయింది. మోటారు ఆగింది. నేను అప్పుడు కూలీలకి టిఫిన్ తేవడానికి వెళ్ళాను, నాకు తెలీదు. మిల్లర్ ఆగకూడదని కుర్రాడు ఆటోలో రెండు డ్రమ్ముల నీళ్ళు తెచ్చాడు, ఒక్కోటి 200 లీటర్లు. నీళ్ళు మంచి బావివే. డ్రమ్ములు మాత్రం పక్క పొలంలో బెల్లం వండేవాళ్ళవి. పెనంలో రసం మరిగేటప్పుడు పైన తేలే మడ్డి తీసి వాటిలో పోస్తారట. "కడిగావా?" అంటే "అడుగున కొంచెం అంటుకునుంది, నీళ్ళు పోస్తే అదే కలిసిపోయింది" అంటున్నాడు.

కరెంటు పన్నెండుకి వచ్చింది. డ్రమ్ములు ఇంకా ఇక్కడే ఉన్నాయి. ఒకదానడుగున చెంబెడు నీళ్ళున్నాయి. టీ డికాక్షన్ రంగు.

ల్యాబ్ కోటు | 12:52

లెక్క కుదురుతుందేమో చూద్దాం.

150 చదరపు అడుగులు, 5 అంగుళాలు. సుమారు 1.8 ఘనపు మీటర్లు. మీ లెక్కన ఘనపు మీటరుకు 8 బస్తాలు, అంటే 14 బస్తాలు. బస్తాకు 27 లీటర్ల నీళ్ళనుకుంటే 380 లీటర్లు. రెండు డ్రమ్ములు. మీ మూల కొలత, డ్రమ్ముల కొలత సరిగ్గా అతికాయి.

ఇక చక్కెర. డ్రమ్ముకు కిలో మడ్డి అంటుకుందనుకుందాం, అందులో సగం చక్కెర అనుకుందాం. ఒక్కో డ్రమ్ము నీళ్ళు 7 బస్తాలకి, అంటే 350 కిలోల సిమెంట్‌కి పోయాయి. 500 గ్రాములు అందులో 0.14 శాతం. వినడానికి ఎంత చిన్న అంకె! కానీ సిమెంట్ బరువులో 0.05 శాతం చక్కెర చాలు, సెట్ సుమారు నాలుగు గంటలు వెనక్కి పోతుంది. అది బస్తాకి పాతిక గ్రాములు, అయిదారు చెంచాలు. 0.2 శాతం దాటి 1 శాతం దాకా వెళ్తే సెట్ అవ్వడమే దాదాపు ఆగిపోతుంది. మీరు ఆ రెండిటి మధ్యలో ఎక్కడో ఉన్నారు. పైగా పీపీసీలో 15 నుంచి 35 శాతం ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఉంటుంది. మొదటి రోజుల్లో పనిచేసే క్లింకర్ అసలే తక్కువ, చక్కెర అంతా దానిమీదే పడుతుంది. రాత్రి చలి కూడా తోడైంది.

మన దేశపు కాంక్రీటు కోడ్ ఐ.ఎస్. 456 ప్రకారం కాంక్రీటు నీళ్ళలో సేంద్రియ పదార్థం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ డ్రమ్ములో ఇదే లెక్కన 2,500.

అనుమానపు నీళ్ళకి ఆ కోడ్‌లోనే ఒక పరీక్ష ఉంది: ఆ నీళ్ళతో ఒక ముద్ద, డిస్టిల్డ్ వాటర్‌తో ఒక ముద్ద కలిపి తొలి సెట్ చూడాలి. తేడా 30 నిమిషాలు మించకూడదు. ఇంట్లో మీరు మోటుగా చేయొచ్చు. మిగిలిన సిమెంట్ ఉందా? రెండు స్టీలు పళ్ళేలు తీసుకోండి. ఒక్కో దాంట్లో 200 గ్రాముల సిమెంట్, 60 మిల్లీలీటర్ల నీళ్ళు. ఒకటి బోరు, రెండోది ఆ డికాక్షన్.

తాపీ మనవడు | మధ్యాహ్నం 1:05

మేడమ్, నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. సున్నంలో బెల్లం ఎందుకు బాగుంటుంది?

రిటైర్డ్ ఏఈ | 1:40

నేను చెబుతాను. సున్నం గట్టిపడేది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి, మెల్లగా మళ్ళీ సున్నపురాయిగా మారుతూ. దానికి తొందర లేదు, నెలలు పడుతుంది. బెల్లం వేస్తే తక్కువ నీళ్ళతోనే మాలు తాపీకి జారుతుంది, సున్నం ఎక్కువగా కరిగి ఇసుకని పట్టుకుంటుంది. ఆలస్యం అక్కడ లోపం కాదు.

సిమెంట్ దారి వేరు. దానిలో కొత్త స్ఫటికాలు పుట్టాలి, పెరగాలి, ఒకదాన్నొకటి అల్లుకోవాలి. చక్కెర అణువు కాల్షియాన్ని పట్టుకుంటుంది. పుట్టీపుట్టని గింజల మీద అతుక్కుని వాటిని ఎదగనివ్వదు. అయితే చంపదు. మెల్లమెల్లగా గింజలు చక్కెర పట్టు తప్పించుకుంటాయి, అప్పుడు మామూలుగానే గట్టిపడుతుంది. రిటార్డర్ల పనే అది. డబ్బాల్లో అమ్మే గ్లూకోనేటు చక్కెర కుటుంబానిదే, కాకపోతే కొలిచి వాడతారు.

ఎడారి ఓడ | సాయంత్రం 4:10

దుబాయ్ నుంచి. పన్నెండేళ్ళుగా బ్యాచింగ్ ప్లాంట్‌లో (కాంక్రీటు కలిపి లారీలకెత్తే చోట) ఉన్నాను, మాది జగిత్యాల దిక్కు. ఇక్కడ ఎండాకాలంలో రిటార్డర్ లేకుండా ఒక్క లారీ కూడా బయటికి పోదు. నీళ్ళకి బదులు సగం ఐసు ముక్కలే వేస్తం, పోసుడు రాత్రిపూటే. ట్రాఫిక్‌లో లారీ ఇరుక్కుంటే లోపల మాలు బిగిసి డ్రమ్ము మొత్తం రాయైతది. అట్లాంటి గత్తర కోసం మా పాత డ్రైవర్ ఒకాయన సీటు కింద చక్కెర సంచి పెట్టుకునేటోడు. ఒకసారి నా కళ్ళముందే ఆరు కిలోలు గుమ్మరించిండు. ఆ మాలు ఎక్కడా వాడలే, పారబోసినం, కానీ డ్రమ్ము దక్కింది.

అన్నా, మీ స్లాబ్ లేస్తది. చక్కెర పోసిన మా మాలు పారబోసిన గుంటలో నాలుగో రోజుకు గడ్డపారకు లొంగలే.

రిటైర్డ్ ఏఈ | 4:32

ఐసు కోసం ఎడారిదాకా పోనక్కర్లేదు. పోలవరంలో కూడా ఐసు ప్లాంట్లు పెట్టి చల్లబరిచే పోశారు. 2019 జనవరిలో అక్కడ 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు కొట్టారు. అంత మాలు ఒకేచోట పడితే లోపల పుట్టే వేడి మామూలుగా ఉండదు.

డౌట్ల పుట్ట | 4:50

నిద్రపుచ్చే మందు ఉన్నట్టే లేపే మందు ఉండదా? యాక్సిలరేటర్ అంటారు కదా, పైన చల్లితే సరి.

సైట్ సుబ్బడు | 5:15

ఉంది. పైన చల్లితే ఏం లాభం? అయిదంగుళాల లోతుకి అదెలా దిగుతుంది? పై పొర బిగిసి లోపల పచ్చిగా ఉంటే మరీ చెడ్డది.

అన్నిటికన్నా చవక యాక్సిలరేటర్ కాల్షియం క్లోరైడ్. బాగా పనిచేస్తుంది, అదే దాని ప్రమాదం. క్లోరైడ్ రాడ్డు మీదుండే రక్షణ పొరని తినేస్తుంది. ఐ.ఎస్. 456 రాడ్డున్న కాంక్రీటులో మొత్తం క్లోరైడ్ ఘనపు మీటరుకు 0.6 కిలో దాటొద్దంటుంది. అందుకే రాడ్డున్న చోట క్లోరైడ్ లేనివి, కాల్షియం నైట్రేట్ లాంటివి వాడతారు. సొరంగాల్లో షాట్‌క్రీట్ (గొట్టంతో చిమ్మే కాంక్రీటు) కొట్టేటప్పుడు అల్యూమినియం సల్ఫేట్ రకం కలుపుతారు, పైకప్పుకి కొట్టిన మాలు ఊడి పడకుండా నిమిషాల్లో పట్టేస్తుంది. మన ప్లంబర్లు ట్యాంకు లీకు ఆపడానికి సిమెంట్‌లో చాకలి సోడా కలిపి వేలితో అదుముతారు చూడండి, అదీ ఆ జాతే. లీకుకి సరే, స్లాబ్‌కి కాదు.

ఉప్పాడ గాలి | 5:40

క్లోరైడ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా వైపు బోరు తీస్తే ఉప్పు నీళ్ళే. వాటితో పోస్తే తొందరగా బిగుస్తుందని మేస్త్రీలు సంతోషపడతారు కూడా.

రిటైర్డ్ ఏఈ | 6:05

సంతోషపడతారు, పదేళ్ళకి పెచ్చులూడుతుంటే ఏడుస్తారు. రాడ్డున్న పనికి నీళ్ళలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాముల్లోపే ఉండాలి. మంచినీళ్ళ ట్యాంకరు తెప్పించుకోండి.

కొత్తింటి కష్టాలు | రాత్రి 9:20

పళ్ళేల సంగతి. ఒంటిగంటన్నరకి కలిపాను. మా అమ్మ వంటింటి తూకంతో తూచి ఇచ్చింది. బోరు నీళ్ళ పళ్ళెం సాయంత్రం ఆరున్నరకే గోరు దిగకుండా అయింది. ఇప్పుడు కొడితే టంగుమంటోంది. డికాక్షన్ పళ్ళెం ఇంకా పెరుగులాగే ఉంది. వంచితే జారుతోంది. పైన పల్చగా నీళ్ళు తేలాయి, బ్రౌన్ రంగులో. స్లాబ్ మూల పొద్దుటి కన్నా ఏమీ మారలేదు.

అందరూ పడుకున్నారు. నేను పళ్ళెం ముందు కూర్చున్నాను.

కాంట్రాక్టర్ బాబాయ్ | 9:31

తేలిపోయింది కదా. రేపు పొద్దున్నే గీకించు.

ల్యాబ్ కోటు | 9:45

ఆగండి. ఆ డికాక్షన్ డ్రమ్ము అడుగుది. మడ్డి మొత్తం అడుగునే ఉంటుంది కదా, స్లాబ్‌లో పడిన సగటు కన్నా అది ఎన్నో రెట్లు చిక్కన. ఈ పళ్ళెం ఎప్పటికీ లేవకపోవచ్చు. కారణం బెల్లమేనని అది చెబుతుంది, స్లాబ్ ఏమవుతుందో చెప్పదు. ఇది నేను మధ్యాహ్నమే చెప్పాల్సింది, పొరపాటు నాదే.

ఒక రిటార్డర్ ఎక్కువైన కాంక్రీటు, ఎండిపోకుండా కాపాడితే, చివరికి వచ్చే బలం తగ్గదు. కొన్నిసార్లు మామూలు దానికన్నా కాస్త ఎక్కువే వస్తుంది, నిదానంగా పెరిగిన స్ఫటికాలు దట్టంగా అల్లుకుంటాయి కాబట్టి. చెడేది ఎక్కడంటే, ఈ రెండు మూడు రోజుల్లో పైతడి ఆరిపోయి పగుళ్ళు పడితే. లేదా సెట్ అయ్యిందనుకుని కర్రలు తీసేస్తే. ఆదివారం దాకా చూడండి. అప్పటికీ కదలకపోతే బాబాయ్ గారి మాటే నేనూ చెబుతాను.

రిటైర్డ్ ఏఈ | 9:58

ఒక్కటి కలుపుతాను. మెత్తటి ముక్కకీ పక్క గట్టి ముక్కకీ మధ్య అతుకు పడిందేమోనని భయపడకండి. పోసినప్పుడు రెండూ పచ్చివే, వైబ్రేటర్ రెండిట్లోనూ తిరిగింది. ఒకటి ముందు, ఒకటి వెనక బిగుసుకున్నంత మాత్రాన కోల్డ్ జాయింట్ (పాతది బిగిశాక కొత్తది పోస్తే పడే బలహీనమైన అతుకు) కాదు. పాలిథిన్ కింద తడి ఉందో లేదో రాత్రి ఒకసారి చూసుకోండి. ఆ తర్వాత పడుకోండి.

డౌట్ల పుట్ట | శనివారం, ఉదయం 8:15

ఖాళీగా ఉన్నారు కాబట్టి ఇంకొకటి. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ సైట్‌కి వచ్చే ఆర్‌ఎంసీ లారీలో ఏదో నల్లటి ద్రవం పోస్తున్నారు, పోయగానే గట్టి మాలు మజ్జిగలా అవుతోంది. మోసమా?

సైట్ సుబ్బడు | 8:50

కాదు, సూపర్ ప్లాస్టిసైజర్. ఆ ముదురు రంగుది నాఫ్తలీన్ రకం అయ్యుంటుంది, 1960లలో జపాన్‌లో వచ్చింది. సిమెంట్ రేణువులు నీళ్ళలో ముద్దలు ముద్దలుగా అంటుకుంటాయి, మధ్యలో నీళ్ళు చిక్కుకుపోతాయి. ఇది ప్రతి రేణువుకీ రుణావేశం ఎక్కిస్తుంది, అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, చిక్కిన నీళ్ళు బయటికొస్తాయి. 1980లలో అక్కడే వచ్చిన పీసీఈ (పాలీకార్బాక్సిలేట్) రకం దువ్వెన పళ్ళలా రేణువుల్ని దూరం ఉంచుతుంది, ఇంకా తక్కువ మోతాదు చాలు. నీళ్ళు నూటికి ఇరవై, ముప్పై పాళ్ళు తగ్గించొచ్చు.

మోసం ఎప్పుడంటే, అది పోసి నీళ్ళు కూడా పోస్తే. ఇంకో తలనొప్పి, ప్రతి ద్రవం ప్రతి సిమెంట్‌తో పడదు. సిమెంట్‌లో అల్యూమినేట్, సల్ఫేట్ ఎంతెంతున్నాయన్న దాన్ని బట్టి ఒక బ్రాండుతో గంటన్నర నిలిచే మాలు ఇంకో బ్రాండుతో ఇరవై నిమిషాల్లో చచ్చిపోతుంది. మార్ష్ గరాటాతో (ముద్ద ఎంత వేగంగా కారుతుందో కొలిచేది) ముందే చూసుకోవాలి. మా సైట్‌లో ఒకసారి సిమెంట్ మార్చి ద్రవం మార్చలేదు. పంపు పైపులో 40 మీటర్లు బిగిసింది. ఆ రాత్రి గురించి ఇంకెప్పుడైనా.

కొత్తింటి కష్టాలు | శనివారం, సాయంత్రం 6:30

మార్పు ఉంది! వేలితో నొక్కితే లొంగుతోంది కానీ ముద్ర లోతు తగ్గింది. చెయ్యి ఆనిస్తే పక్కదానికన్నా గోరువెచ్చగా అనిపిస్తోంది. నా భ్రమా?

రిటైర్డ్ ఏఈ | 6:41

భ్రమ కాదు నాయనా. నిద్ర లేచింది.

కొత్తింటి కష్టాలు | ఆదివారం, ఉదయం 7:10

గోరు దిగట్లేదు. మేకుతో గీస్తే తెల్లటి గీత పడుతోంది, అంతే. రెండు మూడు చోట్ల వెంట్రుకంత పగుళ్ళున్నాయి, షీటు గాలికి లేచిన అంచున. పళ్ళెం మాత్రం అలాగే ఉంది, ఎండినచోట వేలితో నలిపితే పొడి రాలుతోంది. మా అమ్మ ఆ పళ్ళెం ఇక ఇంట్లోకి తేవద్దంది.

సైట్ సుబ్బడు | 7:35

శుభం. ఇప్పుడు మడులు కట్టి నీళ్ళు నిలపండి, 14 రోజులు. పగుళ్ళలోకి సిమెంట్ పాలు బ్రష్‌తో రుద్దించండి. కర్రలు తీసే లెక్క గురువారం నుంచి కాదు, ఈరోజు నుంచి మొదలు. కోడ్‌లో నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్‌కి 7 రోజులు, 6 మీటర్ల లోపు బీముకి 14 రోజులు ఉంటుంది, అది మామూలు ఓపీసీకి. మీది పీపీసీ, పైగా బెల్లం తిన్నది. ఆ మూల కింద, దాన్ని మోసే బీము కింద 28 రోజులు ఉంచేయండి. సెంట్రింగ్ వాళ్ళు అద్దె గురించి గొడవ చేస్తారు, చెయ్యనివ్వండి.

కాంట్రాక్టర్ బాబాయ్ | 7:50

లేచిందంటే సంతోషమే. బలం ఉందని ఎవరు చెప్పారు? కోర్ (స్లాబ్‌లోంచి డ్రిల్లుతో కోసి తీసే గుండ్రటి ముక్క) తీయించి పరీక్ష చేయించకుండా పై అంతస్తు మాట ఎత్తకు.

ల్యాబ్ కోటు | 8:20

ఈ మాట మీద బాబాయ్ గారితో నూటికి నూరు పాళ్ళు ఏకీభవిస్తున్నాను. 28 రోజులు దాటాక మూడు కోర్లు, రాడ్డు తగలకుండా. మూడింటి సగటు గ్రేడులో 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. ఎం20కి అంటే చదరపు మిల్లీమీటరుకు సగటు 17 న్యూటన్లు, కనిష్ఠం 15.

కొత్తింటి కష్టాలు | అయిదు వారాల తర్వాత, మంగళవారం

కోర్లు వచ్చాయి. క్యూబ్ (గ్రేడు కొలిచే కాంక్రీటు దిమ్మ) లెక్కకి మార్చి 19.6, 21.3, 20.4. పోల్చడానికి గట్టి వైపు ఒకటి తీయించాను, అది 21.0. రంధ్రాలు గ్రౌట్‌తో (పల్చటి సిమెంట్ మాలు) పూడ్చారు. నిన్న ఆఖరి కర్ర తీశారు. మామయ్య వచ్చి ఆ మూల కింద నిలబడి పైకి చూసి, కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కాఫీ అడిగారు.

అందరికీ గృహప్రవేశం పిలుపు పెడతాను. బాబాయ్ గారూ, మీరు కూడా రావాలి.

కాంట్రాక్టర్ బాబాయ్ | మంగళవారం

వస్తాను. పానకం మాత్రం పోయొద్దు.

తాపీ మనవడు | మంగళవారం

అన్నా, ఆ కుర్రాడు, డ్రమ్ములు ఏమయ్యారు?

కొత్తింటి కష్టాలు | మంగళవారం

డ్రమ్ములు తిరిగిచ్చేశాం. కుర్రాడు మా దగ్గరే ఉన్నాడు, ఇప్పుడు నీళ్ళ డిపార్ట్‌మెంట్ అంతా వాడిదే. ఏ డ్రమ్ము వచ్చినా ముందు వేలు ముంచి నాలుక మీద పెట్టి చూస్తున్నాడు.

ల్యాబ్ కోటు | మంగళవారం

అయ్యో, ఆపండి వాణ్ణి! రేపు పురుగుమందు డ్రమ్ము వస్తే? రెండు పళ్ళేలు కొనివ్వండి.